పరిమళకు ఎండ పడదు

మొన్న బహ్రెయిన్‌లో, సీఫ్‌లోని ఒక మాల్‌కి పాల ప్యాకెట్ల కోసం వెళ్ళి, పూలకుండీల ముందు నిలబడి పగలబడి నవ్వాను. అరచేతిలో పట్టే ప్లాస్టిక్ కుండీలు, వాటిలో పసుపూ ఊదా రంగుల పూలు, ప్రతి కుండీకీ 'ప్రిములా' అని ఇంగ్లీషులో ఒక చీటీ. విమానంలో వచ్చాయట. మా ఆయన ట్రాలీ ఆపి, "ఏమైందే, గట్ల నవ్వుతున్నవ్? అందరు సూస్తున్రు" అన్నాడు. నేను వేలుపెట్టి చూపించాను. కళ్ళద్దాలు పైకి నెట్టుకుని కాసేపు చూసి, "ఓరి, పరిమళ" అన్నాడు. ఇక ఇద్దరికీ నవ్వు ఆగలేదు. సెక్యూరిటీ కుర్రాడు దగ్గరికొచ్చి ఏమైనా సాయం కావాలా అని మర్యాదగా అడిగాడు. ఇంటికొచ్చాక చూసుకుంటే పాల ప్యాకెట్లు తేలేదు.

మాది కోనసీమ. పదో తరగతి దాకా చదివి, ఆ పైన చదివించే ఓపిక ఇంట్లో ఎవరికీ లేక, మా పిన్ని వెనకాలే బహ్రెయిన్ వచ్చి ఉమ్మ్ అల్ హస్సామ్‌లో ఒక ఇంట్లో పనికి కుదిరాను. ఇంటి పెద్దావిడని 'మామా' అనాలి, ఇంటి మగవాళ్ళని 'బాబా' అనాలి. ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళకి ఇక్కడ నేర్పే మొదటి పాఠం అదే. నాకు అదే పెద్ద తంటా అయింది. మొదటిసారి ఇంటికి ఫోన్ చేసి, "మామా నన్ను బాగా చూసుకుంటుందమ్మా" అంటే, మా అమ్మ అటునుంచి, "మామేంటే, చూసుకుంటుందేంటే? అక్కడ పెళ్ళిగానీ చేసేసుకున్నావా?" అని ఒకటే కేకలు. ఆవిడ ఆడమనిషమ్మా అని నేను మొత్తుకుంటే, "ఆడమనిషి మామెలా అవుద్దే" అని ఇంకా గట్టిగా అరిచింది. పక్కనే కూర్చున్న మామా ఆ అరుపులు విని, మీ అమ్మ ఆరోగ్యంగా ఉన్నట్టుందే అని సంతోషించింది.

ఆ ఇంట్లో ఉండేది మేమిద్దరమే. మామా భర్త పోయి అప్పటికే చాలా ఏళ్ళయింది. ఒక్కడే కొడుకు, బాబా ఖాలిద్, భార్యాపిల్లలతో సీఫ్‌లో ఆకాశంలోకి లేచిన ఒక టవర్‌లో ఉండేవాడు. పొద్దున మామా లేచిన సంగతి నాకు యాలకుల కాఫీ వాసనే చెప్పేది. దాన్ని గహ్వా అంటారు. అది మాత్రం నన్ను కాయనిచ్చేది కాదు, నా చేత్తో కాస్తే పాయసమైపోతుందని గోల. కళ్ళద్దాలకు ఎర్ర ఊలుదారం కట్టి మెడలో వేసుకుని, రేడియో పెట్టుకుని వార్తలు చదివేవాడితో పోట్లాడేది. నాకు అరబీ వచ్చింది ఆ పోట్లాటల వల్లే. అందుకేనేమో, ఇప్పటికీ నేను అరబీలో మంచినీళ్ళు అడిగినా తిట్టినట్టే ఉంటుందని మా అమ్మాయి అంటుంది. మధ్యాహ్నానికి వంటిల్లంతా ఎండబెట్టిన నల్ల నిమ్మకాయల పులుపు వాసన, సాయంత్రానికి గదుల్లో బుఖూర్ పొగ. మా ఇంటి సాంబ్రాణి కన్నా ఘాటు. నా జడకి కూడా ఆ పొగ పట్టించేది. నాకు అప్పుడు పందొమ్మిదో ఇరవయ్యో, ఆ పొగ జడతో పెరట్లో తిరుగుతుంటే నేనే ఆ ఇంటి యజమానురాలినన్నంత మిడిసిపాటు ఉండేది.

పెరడు అంటే మరీ పెద్దదేం కాదు. ఒక బాదంచెట్టు, ఒక నిమ్మచెట్టు, మామా పడకగది కిటికీ కింద ఒక మూల. పక్కనున్న రెండంతస్తుల పాత ఇల్లు అడ్డం రావడంతో ఆ మూలకి ఎండ అన్నది తెలియదు. బయట సిమెంటు కాలిపోతున్నా అక్కడ అరికాలికి చల్లగా తగిలేది. మామాకి ఆ మూల మీద ఒక పిచ్చి ఉంది. పెళ్ళైన కొత్తలో భర్త ఆమెని ఆల్ప్స్ కొండలకి తీసుకెళ్ళాడట. అక్కడ మంచు కరిగిన రాళ్ళ సందుల్లో, నీడపట్టున, బెత్తెడు కూడా లేని మొక్కలు పసుపుపచ్చగా పూసి ఉన్నాయట. వాటి దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని లేవనంటే, ఆయన ఓపిగ్గా గొడుగు పట్టుకుని నిలబడ్డాడట. ఆ పువ్వుని తన పెరట్లో చూడాలని అప్పటినుంచీ ఆశ. ఎవరో బంధువులు అటు వెళ్ళొచ్చి విత్తనాల ప్యాకెట్ తెచ్చిస్తే, ఆ రోజు రేడియో కూడా పెట్టలేదు. ప్యాకెట్ నా ముందు ఊపి, "ప్రిములా" అంది. నా చెవికి పరిమళ అని వినబడింది. మా ఊళ్ళో మా పక్కింటి పిల్ల పేరు. "ఓహో, పరిమళా" అన్నాను. ఇంతమందిలో సరిగ్గా పలికేది నువ్వొక్కదానివే అని మామా నా బుగ్గ గిల్లింది.

గసగసాల కన్నా సన్నటి విత్తనాలవి. వాటిని మట్టిలో పాతకూడదు, పైన చల్లి వదిలెయ్యాలి. కొన్నాళ్ళు చలిలో ఉంచితేనే మొలుస్తాయి. బహ్రెయిన్‌లో చలి ఎక్కడ దొరుకుతుంది? ఫ్రిజ్‌లో. మజ్జిగ సీసాల పక్కన మట్టి ట్రే పెట్టి, పైన పల్చటి ప్లాస్టిక్ కప్పాం. అది బయటికి తీశాక ఆకుపచ్చ చుక్కలు కనబడిన రోజున మామా నన్ను కావలించుకుంది, నేను ఆమెని ఎత్తేశాను. ఇద్దరం కిందపడబోయాం. ఆ మొలకల్లో సగం కొళాయి నీళ్ళకే పోయాయి. ఇక్కడి కొళాయి నీళ్ళు ఉప్పన, వాటికి పడలేదు. అప్పటినుంచి మేం తాగే క్యాన్ నీళ్ళే వాటికీ. ఎండాకాలమంతా వాటిని ఏసీ గదిలో ఉత్తరపు కిటికీ దగ్గర పెట్టుకుని పసిపిల్లల్లా సాకాం. ఒక్కటొక్కటే రాలిపోయి చివరికి ఒక్క మొక్క మిగిలింది. చిన్న క్యాబేజీలా గుండ్రంగా పరుచుకున్న ఆకులు, వాటి మీద ముఖానికి పౌడరు అద్దుకున్నట్టు తెల్లటి పొడి. పైనుంచి నీళ్ళు పోస్తే ఆ పొడి కారిపోతుంది, వేలు తగిలినా చెరిగిపోతుంది. చలికాలం రాగానే నీడ మూలకి మార్చాం. ఆ చలి కూడా దానికి చాలదని మామాకి అనుమానం, అందుకని పొద్దుగూకగానే కుండీతో సహా ఫ్రిజ్‌లోకి.

ఆ చలికాలంలోనే బాబా ఖాలిద్ వచ్చి తల్లితో గొడవ పడ్డాడు. ఇంత ఇల్లు నీకెందుకు, మెట్ల మీద పడితే ఎవరు చూస్తారు, నా దగ్గరికి వచ్చెయ్ అని. మామా కుండీ చూపించి, "ఇది పూస్తే నేను రాను" అంది. వాడు పడీపడీ నవ్వాడు. "సరే, ఈ ఏడు ఏసీ వేసే రోజు లోపల ఇది పూస్తే నువ్విక్కడే ఉండు, మళ్ళీ అడగను. పూయకపోతే మారుమాట లేకుండా సామాను సర్దుకో." మామా చెయ్యి చాపింది. ఇద్దరూ చేతులు కలిపారు. ట్రేలో టీ పట్టుకుని నిలబడ్డ నా సంగతి ఎవరూ అడగలేదు. సీఫ్ ఇంట్లో అప్పటికే ఒక పనమ్మాయి ఉంది. మామా అక్కడికి వెళ్తే నాకు ఇంకో ఇల్లు వెతుకుతారు, దొరక్కపోతే టికెట్ కొని ఇంటికి పంపేస్తారు. ఇంకో ఇల్లంటే ఎలా ఉంటుందో మా పిన్ని కథలు కథలుగా చెప్పింది. పైగా నాకు ఈ ముసలామె మీద ప్రాణం. ఆ రోజునుంచి పరిమళ మీద మామాకి ఎంత ఆశో, నాకంతకన్నా ఎక్కువ.

ఇక నాకు లోకంలో వేరే కబురే లేదు. వెనకవైపు ఇంట్లో పాలకొల్లు వరలక్ష్మక్క పనిచేసేది. బట్టలారేసేటప్పుడు గోడకి అటూఇటూ నిలబడి మాట్లాడుకునేవాళ్ళం.

"ఏంటే నాగమణీ, పరిమళెలా ఉంది?"

"ఏం బాగా లేదక్కా. తిండి ఒంటబట్టట్లేదు. నిన్న కాస్త ఎండ తగిలిందంతే, తల వేలాడేసింది."

"బయటికెందుకు తీసుకొచ్చావే? లోపలే ఉంచొచ్చుగా."

"ఆయ్, ఉంచుతానే ఉన్నాను. రాత్రికి ఫ్రిజ్‌లో పెట్టేశాను. పౌడరు పోద్దని మామా ముట్టుకోనివ్వట్లేదు కూడాను."

సరిగ్గా అదే సమయంలో పక్కనున్న రెండంతస్తుల పాత ఇల్లు కూలగొట్టి కొత్తది కడుతున్నారు. నడుము ఎత్తు దాకా లేచిన గోడ వెనకాల ఒక తెలుగు మేస్త్రీ ఇటుకలు పేరుస్తూ ఈ మాటలన్నీ రోజూ వింటున్నాడని మాకేం తెలుసు? ఇంకెవరైనా ఐతే మా గోల అర్థంకాక ఊరుకునేవాళ్ళు. ఇతనికి అర్థమైంది, అదే కొంప ముంచింది. అతని పేరు రాజన్న, జగిత్యాల వైపు. ఇతనే తర్వాత మా ఆయన అయ్యాడు. ముందే చెప్పేస్తున్నాను, చదివేవాళ్ళు అనవసరంగా కంగారు పడకుండా. అప్పట్లో మాకొక వింత జరుగుతుండేది. అప్పుడప్పుడు మా గోడ మీద అరటిపళ్ళో, గ్లూకోజ్ బిస్కెట్లో, ఒకసారి చిన్న డబ్బాలో పెరుగన్నమో కనబడేవి. వరలక్ష్మక్క ఇంటివాళ్ళు పెడుతున్నారని నేను, మా మామా పెడుతోందని ఆమె అనుకుని చక్కగా పంచుకు తినేవాళ్ళం. పెరుగన్నంలో ఉప్పు తక్కువైందని నేను సణిగాను కూడా.

ఒక శుక్రవారం గేటు గంట మోగింది. ఉతికిన తెల్ల చొక్కా వేసుకుని, తల తడిపి దువ్వుకుని ఒక మనిషి. మామా గేటు తీసింది, నేను వెనకాల నిలబడ్డాను. అతను గొంతు సవరించుకుని, ఎవరితోనో కొట్లాటకి వచ్చినవాడిలా నిటారుగా నిలబడి, "మేడం, పరిమళ కిధర్ హై? పరిమళ" అన్నాడు.

మామా ముఖం వెలిగిపోయింది. ఆ మొక్కని చూడాలని తనంత తానుగా వచ్చిన మొదటి మనిషి మరి. "ప్రిములా? తాల్, తాల్" అని చేతికర్ర ఊపుతూ లోపలికి దారి తీసింది. ఇంత సులువుగా రమ్మంటుందని అతను అనుకోలేదు. చెప్పులు విప్పి, అనుమానంగా అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చాడు. మామా కర్రతో కుండీ చూపించి, "ప్రిములా" అంది గర్వంగా. అతను కుండీ వెనక్కి చూశాడు. బాదంచెట్టు వెనక్కి చూశాడు. పైన డాబా మీదికి చూశాడు. అప్పుడు నాకు తట్టింది. కొంగు నోట్లో కుక్కుకున్నా నవ్వు ఆగక గోడకి జారగిలబడ్డాను.

"గిదా పరిమళ?" అన్నాడు నా వైపు తిరిగి.

"ఆయ్, ఇదేనండి."

"మరి ఫ్రిజ్‌ల పెడ్తున్నం అంటిరి?"

"దీన్నేనండి."

"మొఖం ముట్టనిస్తలేరు, పౌడర్ పోతదని..."

"అది ఆకుల మీదండి బాబు."

అతను అలాగే చతికిలబడ్డాడు. "ఆడివిల్లను గట్ల సలిల పెడ్తరా అని నాకు నిద్ర వడ్తలేదు. మా క్యాంపుల అందరికి చెప్పిన. ఎట్లన్నజేసి బయటికి తేవాలె అనుకున్నం. దుబాయికొచ్చి రెండేండ్లాయె, గింత అన్యాలం యాడ సూడలె అన్న."

"ఇది బహ్రెయినండి."

"అన్ని దుబాయే" అన్నాడు విసుగ్గా. గోడ వైపు చూసి, "మరి బిస్కిట్లు ఎవలు తిన్నరు?" అని అడిగాడు. నేను చెయ్యెత్తాను. మా సంభాషణ ఒక్క ముక్క అర్థం కాకపోయినా మామా కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది. ఆ రోజు అతనికి స్వయంగా గహ్వా పోసింది.

ఆ రోజునుంచి రాజన్న మా పక్షం. ఎందుకంటే అసలు కష్టం అప్పుడే మొదలైంది. పాత ఇల్లు కూలాక మా మూలకి నీడ పోయింది. కొత్త గోడ ఇంకా లేవలేదు. మధ్యాహ్నం దాటితే ఎండ సూటిగా కుండీ మీదకే. ఇటు మొక్క నడిమధ్యలో చిన్న మొగ్గల గుత్తి కనబడింది, అటు రోజులు వేడెక్కుతున్నాయి. వాళ్ళు కొత్త గోడల మీద తడి గోనెసంచులు కప్పడం నేను రోజూ చూస్తున్నాను. "రెండు సంచులియ్యండి" అని అడిగితే మోపు తెచ్చి పడేశాడు. కర్రలు పాతి, సంచులు వేలాడగట్టి పందిరిలా చేశాం. వాళ్ళ గోడలకి నీళ్ళు కొట్టేటప్పుడు మా సంచుల మీదకి కూడా ఒక దెబ్బ కొట్టేవాడు. ఒక్కోసారి గురితప్పి నా మీద పడేది. గురి తప్పడం రోజురోజుకీ ఎక్కువవుతోందని వరలక్ష్మక్క గమనించింది.

ఇంట్లో మా పరిస్థితి మాత్రం చెప్పకూడదు. ఊరంతా ఏసీలు వేసేసింది. మేం వేస్తే పందెం ఓడిపోయినట్టు. మామా కిటికీలన్నీ తెరిచి, తడిగుడ్డ నెత్తిన వేసుకుని, గహ్వా తాగడం మానేసి మజ్జిగ మీద పడింది. నేను వంట చేస్తూ చేస్తూ వచ్చి ఫ్రిజ్ తలుపు తీసి అందులో తల పెట్టేదాన్ని. మధ్యాహ్నాలు పరిమళ కూడా అందులోనే ఉంటే, ఇద్దరం ముఖాముఖి. బాబా ఖాలిద్ ఇదంతా కనిపెట్టి ఊరికే వచ్చి కూర్చునేవాడు. చెమటతో చొక్కా అతుక్కుపోయి, "మామా, కొంచెం ఉక్కగా లేదూ?" అనేవాడు. మామా వెంటనే ఊలు శాలువా తెప్పించి భుజాల మీద కప్పుకుని, "నాకు చలిగా ఉంది" అనేది. వాడు వెళ్ళిపోగానే శాలువా విసిరికొట్టి, వార్తలవాడిని తిట్టే మాటలన్నీ కొడుక్కి అప్పజెప్పేది.

అప్పటి రోజులే మంచివి అని పాడే రకం కాదు నేను. నా పాస్‌పోర్టు ఎవరి బీరువాలోనో ఉండేది, మా అమ్మ గొంతు వినాలంటే ఫోన్ కార్డు గీకాలి, ఆ చెమట మాత్రం పగవాళ్ళకి కూడా వద్దు. ఇప్పుడు నా ఫ్లాట్‌లో ఏసీ గోడలోంచి చప్పుడు లేకుండా వస్తుంది, కిటికీలు తెరుచుకోవు, పక్క ఫ్లాట్‌లో ఎవరున్నారో మా అమ్మాయికి తెలియదు, నాకూ తెలియదు. ప్రిములాలు విమానంలో పూసి వస్తాయి, వాడగానే చెత్తబుట్టలోకి వెళ్తాయి. సుఖమే, కాదనను. కానీ ఒక మొగ్గ విచ్చుకుంటుందా లేదా అని పక్కింటి మేస్త్రీతో సహా అందరం ఊపిరి బిగబట్టిన ఆ రోజుల్లో ఉన్నంత హుషారుగా నేను మళ్ళీ ఎప్పుడూ లేను. ఈ మాట రాస్తుంటే కూడా కాలు ఒకచోట నిలవడం లేదు.

ఒక పొద్దున మామా పెరట్లోంచి నా పేరు పెట్టి అరిచింది. పరిగెత్తాను. ఒక్క పువ్వు. పసుపుపచ్చ రేకులు, మధ్యలో తెల్లటి గుండ్రం, నా చిటికెన వేలి గోరంత. అప్పుడే పనిలోకి వచ్చిన రాజన్న గోడ దూకి వచ్చేశాడు. ముగ్గురం వరసగా వంగి వాసన చూశాం. తేనె లాంటిదేదో ఉందీ లేదూ. మామా నిటారుగా నిలబడి, "ఖలాస్. ఏసీ వెయ్యి" అంది. ఆ మాట కోసం ఎన్నాళ్ళనుంచి కాచుకున్నానో. కిటికీలు దబదబా మూసి మీట నొక్కితే, పడకగది కిటికీలోని పాత ఏసీ దగ్గి, దుమ్ము కక్కి, గుర్రుమని మొదలైంది. ఇద్దరం దాని ముందు తివాచీ మీద వెల్లకిలా పడుకుని, కొడుక్కి ఫోన్ చేసి, వచ్చి చూసుకో అని చెప్పి, హాయిగా నిద్రపోయాం.

బాబా ఖాలిద్ సాయంత్రం వచ్చాడు. మామా రాణీలా ముందు నడిచి పెరట్లోకి తీసుకెళ్ళింది. అప్పుడు చూశాం. ఆ ఏసీ వీపు సరిగ్గా మా మూల మీదకే ఉంది. చల్లదనమంతా మాకు ఇచ్చి, వేడి సెగంతా పొద్దున్నుంచీ కుండీ మీద ఊదుతోంది. గోనెసంచులు అప్పడాల్లా ఎండిపోయాయి. పువ్వు, పక్కనున్న మొగ్గలతో సహా, తాలింపులో పడ్డ కరివేపాకులా ముడుచుకుపోయింది.

"పువ్వేదీ?" అన్నాడు ఖాలిద్.

"ఇదే. పొద్దున పూసింది."

"ఏసీ తిరుగుతోంది. పువ్వు లేదు. నేను గెలిచాను."

"పూసిందంటే పూసింది. ఈ పిల్లని అడుగు."

"నువ్వు చెప్పినా, ఈ పిల్ల చెప్పినా చెల్లదు. మీ ఇద్దరూ ఒక జట్టు. ఇంకెవరు చూశారు?"

వార్తలవాడినే గెలిచే మామా కర్ర మీద రెండు చేతులూ పెట్టి నేలకేసి చూస్తూ నిలబడింది. టికెట్టు, ఎయిర్‌పోర్టు, ఇంకెవరో మామా, అన్నీ ఒక్కసారి నా కళ్ళముందు తిరిగాయి. గోడ వైపు తిరిగి, "రాజన్నగారూ, ఒకసారి రండి" అని కేకేశాను. సిమెంటు చేతులతో వచ్చి నిలబడ్డాడు.

"భాయ్, యే ఫూల్ దేఖా?" అన్నాడు ఖాలిద్, జడ్జీగారిలా.

"దేఖా సాబ్. సుబే దేఖా."

"సచ్? కైసా థా?"

ఎలా ఉందో చెప్పాలంటే అతని హిందీ చాల్లేదు. తల గోక్కున్నాడు, సిమెంటు అంటుకుంది. చివరికి తెలుగులోనే మొదలుపెట్టాడు. "మస్తు సక్కగున్నది సార్. గసొంటిది నేను మా దిక్కు సూడలె. ఒక్కపారి సూస్తె మల్లమల్ల సూడబుద్ధైతది. గామెను యాడికి పంపకుండ్రి, గీడనే ఉంచుండ్రి." ఇదంతా చెబుతున్నంతసేపూ అతను కుండీని చూడలేదు. నన్నే చూస్తున్నాడు.

"ఏమంటున్నాడు?" అని ఖాలిద్ నన్ను అడిగాడు. అక్కడ తెలుగూ అరబీ రెండూ వచ్చింది నాకొక్కదానికే. అరబీలో అందమైనదాన్ని జమీలా అంటారు. చెవులు కాలిపోతున్నాయి. తల దించుకుని, "జమీలా అంటున్నాడు బాబా. చాలా జమీలాగా ఉందంట. ఎక్కడికీ పంపొద్దంటున్నాడు, ఇక్కడే ఉంచమంటున్నాడు" అని గొణిగాను.

"వినబడలేదు, గట్టిగా చెప్పు."

గట్టిగా చెప్పాను. ఖాలిద్ అతన్ని చూశాడు, నన్ను చూశాడు, పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకున్నాడు. రెండు చేతులూ పైకెత్తి, "ఖలాస్. ఓడిపోయాను. ఇక్కడే ఉండండి" అని తల్లి నెత్తి మీద ముద్దు పెట్టాడు. మామా అతన్ని పక్కకి తోసేసి, కళ్ళద్దాలు సర్దుకుని నా దగ్గరికి వచ్చి, "నాకూ వినబడలేదు, మళ్ళీ చెప్పు" అంది. మళ్ళీ చెప్పాను.